నష్టానికి చూపించిన తాత

నూకరాజు తన తాత ఎముకల మీద ఒట్టేసి చెప్పే మాట ఒకటుంది. ఆ విశ్వమోహనరావు అనేవాడు చిన్నప్పుడు లెక్కల్లో ఒక్కసారి తప్పి, బడి మానేసి, ఏ సందు చివరో సోడాలు కొట్టుకునుంటే ఈ రాష్ట్రంలో బతికున్నవాళ్ళే కాదు, చచ్చినవాళ్ళు కూడా సుఖపడేవాళ్ళని. ఒట్టంటే నోటిమాట ఒట్టు కాదు. తాత ఎముకలు ఎదురుగానే ఉంటాయి. పీట మీద దర్జాగా కూర్చుని ఉంటాయి. నూకరాజు వాటి మోకాలి మీద చెయ్యేసి మరీ చెబుతాడు.

ఆ తాత పేరు భద్రయ్య. ఆయన బతికున్న రోజుల్లో గోదారి జిల్లాల్లో ఎక్కడ తీర్థం జరిగినా భద్రయ్య గుండు ఎత్తితేనే అది తీర్థం. తిరగలంత రాతిగుండుని గుండెల మీదికి తెచ్చుకుని, అక్కణ్ణుంచి భుజం మీదికి, భుజం మీంచి వెనక్కి దొర్లించేవాడు. బక్కపిల్లల్ని కన్నతల్లులు బారులు తీరి, పిల్లల్ని ఆయన మోకాలికి తాకించి పట్టుకెళ్ళేవాళ్ళు. అలా తాకిస్తే ఒళ్ళు చేస్తారని నమ్మకం. చేసినవాళ్ళు చేసారు, చెయ్యనివాళ్ళు మళ్ళీ ఏడాది వచ్చారు.

పోయేముందు భద్రయ్య కొడుకుని దగ్గరికి పిలిచాడు. "ఒరే, నన్ను జనం లేనిచోట పడుకోబెట్టకండ్రా. నాకు నిద్ర పట్టదు" అన్నాడు. ముసలాడి చాదస్తమనుకుని తీసుకెళ్ళి లంకలో ఇసకలో పూడ్చారు. ఆ ఏడే గోదారి పొంగి ఒడ్డు కోసుకుపోయింది. వరద తీసాక చూస్తే భద్రయ్య ఎముకలు ఇసక మీద వెల్లకిలా పడుకుని జనం కోసం చూస్తున్నాయి. "మా అయ్య లేచొచ్చేసాడర్రా" అని కొడుకు గోనెపట్టా పరిచి అన్నీ ఏరుకున్నాడు. ఎడంచేతి చిటికెనవేలు మాత్రం దొరకలేదు. ఊళ్ళో కాంపౌండరు ఒకడు రాగితీగతో అతుకులు కట్టి, పీట మీద కూర్చోబెట్టి, తలపాగా చుట్టాడు. ఒళ్ళో రాతిగుండు పెట్టారు. ఆ రోజునుంచి తాత మళ్ళీ తీర్థాల్లోకి దిగాడు. కొడుకు పోయాక ఆ డేరా మనవడు నూకరాజు చేతికొచ్చింది.

నూకరాజు అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినా గొంతు మాత్రం పట్టాపుచ్చుకున్న గొంతు.

"రండి బాబూ రండి! బతికుండగా బండెడ్ల బలం, చచ్చాక చావని బలం! పది రూపాయలు పోతే మళ్ళీ వస్తాయ్, భద్రయ్యలాంటోడు పోతే మళ్ళీ రాడు, కానీ మావోడు వచ్చాడు! రండమ్మా, బక్కపిల్లకి టిక్కెట్టు లేదు, బలిసిన పిల్లకి సగం టిక్కెట్టు!"

ఇలా నడిచిపోతున్న డేరా మీద చట్టం పడింది.

అదెలా పడిందంటే, పట్నంలో ఎవరో గాజుపెట్టెల్లో చచ్చినవాళ్ళని నిలబెట్టి టిక్కెట్లు అమ్మారట. చూసినవాళ్ళలో కొందరికి కడుపులో తిప్పిందట. ఆ తిప్పినవాళ్ళలో ఒక పెద్దమనిషి ఉన్నాడట. మనబోటివాడికి కడుపులో తిప్పితే వాంతవుతుంది. పెద్దమనిషికి తిప్పితే చట్టమవుతుంది. మూడు నెలలు తిరక్కుండా 'మానవ అవశేషాల బహిరంగ ప్రదర్శనా నియంత్రణ ప్రాధికార సంస్థ' అని ఒకటి వెలిసింది. దాని బోర్డు నూకరాజు డేరా కంటే పొడుగు. దానికి జిల్లా అధికారిగా వేసారు మన విశ్వమోహనరావుని.

ఆయన గోగులంక తీర్థానికి జీపులో దిగాడు. వెనకాల ఫైళ్ళు మోస్తూ అటెండరు డానియేలు. ఇద్దరూ టిక్కెట్టు తీసుకోకుండానే డేరాలోకి వచ్చారు. డానియేలు మాత్రం గుమ్మంలో చెప్పులు విడిచి, ఎవరూ చూడకుండా తాత మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాడు.

"ఈ అవశేషం తమదేనా?" అన్నాడు విశ్వమోహనరావు.

"అవశేషం కాదండి, మా తాతండి ఆయ్."

"సదరు తాతగారు జీవించి ఉన్నారా?"

నూకరాజు తాతకేసి చూసాడు. మళ్ళీ విశ్వమోహనరావుకేసి చూసాడు. "లేరండి. పోయారండి."

"పోయినట్లు ఆధారం?"

"ఎదురుగా ఉన్నారు కదండీ, మీరే చూసుకోండి."

"చూపు ఆధారం కాదు. రాసుకో డానియేలూ. మరణించినట్లు కనబడుచున్న వ్యక్తి."

డానియేలు రాసుకున్నాడు. విశ్వమోహనరావు కళ్ళజోడు సవరించుకుని, గొంతు సవరించుకుని, చట్టం చదివాడు. "మానవ అవశేషములను ఏ వ్యక్తియూ, ఏ కారణము చేతనైననూ, లాభార్జన నిమిత్తము బహిరంగముగా ప్రదర్శింపరాదు. అర్థమైందా? ఇప్పుడు చెప్పండి. ఈ టిక్కెట్టు మీద మీకు ఏమైనా మిగులుచున్నదా?"

"మిగుల్తాదండి. మిగలకపోతే పొద్దస్తమానం ఇంత గొంతెందుకు చించుకుంటానండి?"

"అయ్యయ్యో" అన్నాడు విశ్వమోహనరావు, సొంత తమ్ముడు దొంగతనంలో దొరికిపోయినట్టు మొహం పెట్టి.

"పోన్లెండి, చూపించడం మానేస్తానండి. ఇంటికాడ కూర్చోబెట్టుకుంటాను."

"వీల్లేదు. ప్రదర్శన నిలిచిపోయిన అవశేషం అనాథ అవశేషం. దానిని జిల్లా గోదాముకు తరలించవలసి ఉంటుంది."

"అయితే పూడ్చేస్తానండి."

"అసలే వీల్లేదు. ఇప్పుడే కదా మీ తాతగారిని నమోదు చేసాం! నమోదైన ప్రదర్శితుణ్ణి భూస్థాపితం చేయుట సాక్ష్యాన్ని రూపుమాపుట కిందికి వచ్చును. జైలు."

నూకరాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "చూపించకూడదు, మానకూడదు, పూడ్చకూడదు. మరేం చెయ్యమంటారండీ బాబూ?"

విశ్వమోహనరావు మొహం విప్పారింది. ఎన్నాళ్ళనుంచో ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారా అని కాచుకుని కూర్చున్నట్టున్నాడు. "చట్టం చాలా దయగలది నూకరాజుగారూ. లాభానికి చూపరాదన్నదే తప్ప నష్టానికి చూపరాదని ఎక్కడా అనలేదు. నష్టానికి చూపించండి. ప్రతి తీర్థానికీ నష్ట ధ్రువపత్రం దాఖలు చెయ్యండి. మీ తాత మీ దగ్గరే ఉంటారు."

ఆయన జీపెక్కాక డానియేలు వెనక్కొచ్చి నూకరాజు చెవిలో ఊదాడు. "ఎలాగోలా నష్టపో అన్నా. గోదాములోకి మాత్రం పంపకు. అక్కడ ఎలకలు సంచులు కొరికేసి ఎవరి కాలెవరిదో, ఎవరి చెయ్యెవరిదో కలిసిపోయాయి. మొన్న ఒకాయన్ని ఇంటోళ్ళకి తిరిగిస్తే రెండు కుడికాళ్ళతో వెళ్ళాడు."

ఆ మాట వినగానే నూకరాజు డేరా వెనక్కి పరుగెత్తాడు. వంట దగ్గరున్న పెళ్ళాం సత్తెమ్మకి వెళ్ళి చెబితే ఆవిడ పొయ్యి ఊదుకుంటూనే నవ్వింది.

"నష్టపోవడమేగా? దానికింత బెంగేంటయ్యా? అది నీకు పుట్టుకతో వచ్చిన విద్య. ఐసుబండి పెట్టావు, పెట్టిన రోజే తుఫాను. గొడుగులు తెచ్చావు, ఆ ఏడు చినుకు లేదు. నువ్వు ఊరికే కూర్చో, నష్టం అదే వస్తాది."

నూకరాజుకీ అదే ధైర్యం. కానీ లాభం కావాలన్నప్పుడు రాదు గానీ వద్దన్నప్పుడు మాత్రం వెంటపడి వస్తుందని అప్పటికి వాళ్ళిద్దరికీ తెలీదు.

మొదట టిక్కెట్టు పది రూపాయల్నుంచి రూపాయికి దించాడు. జనం పదిమంది వచ్చేచోట రెండొందలమంది వచ్చారు. పెళ్ళాం పిల్లలూ అత్తామామా, ఎదురింటివాళ్ళతో సహా వచ్చారు. సాయంత్రానికి చూసుకుంటే మామూలు రోజుకంటే ఎక్కువ తేలింది.

ఇలా కాదని రెండో తీర్థంలో నోరు మార్చాడు. "ఎల్లండి బాబూ ఎల్లండి! లోపల చూడ్డానికేం లేదు! అన్నీ పాత ఎముకలు! డబ్బులు దండగ!" అని అరిచాడు. దాంతో తీర్థం తీర్థమంతా ఇటు తిరిగింది. "వీడేదో దాస్తున్నాడ్రోయ్" అన్నారు. "మొన్న కలెక్టరాఫీసోళ్ళు కూడా వచ్చి చూసెళ్ళారంట" అన్నారు. డేరా గుడ్డ చిరిగేదాకా తోసుకున్నారు.

మూడోసారి తెగించాడు. టిక్కెట్టు కొన్నవాళ్ళకి మిరపకాయ బజ్జీ ఉచితం అన్నాడు. ఈ దెబ్బతో మునిగిపోతాం అని మొగుడూ పెళ్ళాం ఆనందంగా చూసుకున్నారు. బజ్జీ కారం. తిన్నవాళ్ళంతా సోడాల కొట్టు మీద పడ్డారు. సోడాలవాడు మర్నాడు పొద్దున్నే వచ్చి, మీ డేరా పక్కన కొట్టు పెట్టుకోనిస్తే అద్దె ఇస్తానని బతిమాలి, నూకరాజు వద్దు వద్దంటున్నా జేబులో కుక్కి పోయాడు. అతన్ని చూసి ఐస్‌క్రీం వాడు, వాణ్ణి చూసి గాజులమ్మ.

విశ్వమోహనరావు లెక్కలు చూసి బల్ల గుద్దాడు. "తగ్గించమంటే హెచ్చించుచున్నారు! మీరు చట్టాన్ని వెక్కిరించుచున్నారు!"

"లేదండి బాబూ, అమ్మతోడు. నష్టపోదామనే చూస్తన్నానండి. జనం పోనివ్వట్లేదండి."

"నష్టపోవుట చేతకాకపోవడం మినహాయింపు కాదు. మీది లాభ వ్యసనం. మీకు శిక్షణ అవసరం."

అలా నూకరాజుని నష్ట నైపుణ్య శిక్షణా శిబిరానికి పంపారు. పట్నంలో చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ నీళ్ళసీసా. తనలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. ఊడబీకిన పళ్ళని గాజుసీసాలో పోసి గుమ్మంలో పెట్టుకున్న పళ్ళ డాక్టరు ఉన్నాడు. సవరాలు దండేనికి వేలాడదీసి అమ్ముకునే ముసలమ్మ ఉంది. జుట్టు కూడా మానవ అవశేషమేనట. "అది బతికున్నోళ్ళ జుట్టే బాబూ, ఆళ్ళే దువ్వుకుని ఇచ్చారు" అని ఆవిడ మొత్తుకుంటే "మిగిలిన మనిషి ఎక్కడున్నాడన్నది అప్రస్తుతం" అన్నారట.

పాఠం చెప్పడానికి పరబ్రహ్మంగారని ఒక పెద్దాయన వచ్చాడు. మూతపడ్డ చక్కెర మిల్లుకి మాజీ మేనేజింగ్ డైరెక్టరు. అందరూ లేచి నిలబడ్డారు.

"మీరంతా అమాయకులు" అని మొదలెట్టాడాయన, పిల్లల్ని చూసినట్టు ప్రేమగా చూసి. "నష్టాన్ని ఖర్చుపెట్టి తెద్దామనుకుంటున్నారు. బజ్జీలు పంచుతున్నారు. తప్పు నాయనా! బజ్జీతో వచ్చే నష్టం బజ్జీతోనే అరిగిపోతుంది. నష్టమన్నది పైనుంచి రావాలి. మా మిల్లులో కూడా మొదట్లో చెరుకు తియ్యగా ఉంటే లాభం వచ్చేస్తుందేమోనని హడలి చచ్చేవాళ్ళం. అప్పుడు ఒక చైర్మన్ని, ముగ్గురు సలహాదారుల్ని వేసుకున్నాం. ఆ తర్వాత చెరుకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మనసుకి ఎంత ప్రశాంతత!"

నూకరాజు చెయ్యెత్తాడు. "మాదొక డేరానేనండి. అందులో పనిచేసేది మా తాతొక్కడేనండి. ఆయనకి చైర్మనెందుకండి?"

"పనిచేసేవాడు ఒక్కడే ఉన్నచోటే చైర్మను అత్యవసరం" అన్నాడు పరబ్రహ్మంగారు. హాలంతా చప్పట్లు.

చైర్మను కోసం నూకరాజు ఎక్కడా వెతుక్కోనక్కర్లేకుండా విశ్వమోహనరావే ఇచ్చాడు. ఆయన బావమరిది పురుషోత్తం. మనిషి తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లబూట్లు. వచ్చిన రోజే జీపు కావాలన్నాడు. చైర్మను నడిచొస్తే నష్టం ఎలా వస్తుందని అడిగాడు. నిజమే కదాని నూకరాజు అద్దెకి జీపు మాట్లాడాడు. ఆ వెనకే సలహాదారులు దిగారు. ఎముకల మీద ఒకడు, తలపాగా మీద ఒకడు, రాతిగుండు మీద ఒకడు.

బోర్డు మీటింగు డేరాలోనే పెట్టారు. మీటింగున్నంతసేపూ జనాన్ని బయట ఎండలో నిలబెట్టారు. జీడిపప్పు వచ్చింది, కాఫీ వచ్చింది, మళ్ళీ జీడిపప్పు వచ్చింది. పురుషోత్తం తాతకి కుడిపక్క కూర్చుని తీర్మానాలు చదివాడు. ఇకనుంచి తాతని తాత అనరాదు, 'ప్రధాన ప్రదర్శితులు' అనాలి. డేరాని డేరా అనరాదు, 'ప్రాంగణం' అనాలి. సత్తెమ్మ టీ గ్లాసులు తీస్తూ "మరి నన్నేవనాలయ్యా?" అంది. అది వచ్చే మీటింగుకి వాయిదా వేసారు.

ఆఖరి తీర్మానం చిటికెనవేలు. ప్రధాన ప్రదర్శితుల ఎడమ చిటికెనవేలు కానరావడం లేదు కాబట్టి గాలింపు కమిటీ వేసారు. కమిటీ నాసిక్ వెళ్ళాలంది.

"ఏలు పోయింది ఇక్కడ లంకలో కదండీ" అన్నాడు నూకరాజు.

"గోదావరి పుట్టింది నాసిక్ దగ్గర. దేన్నైనా మూలం నుంచి వెతుక్కుంటూ రావాలి" అన్నాడు పురుషోత్తం.

సత్తెమ్మ ఉండబట్టలేకపోయింది. "నీళ్ళలో పోయిన ఏలు సముద్రంకేసి పోద్ది గానీ, ఎదురీదుకుంటూ నాసిక్ ఎల్తాదేంటి బాబూ?"

"అందుకేనమ్మా నీకు ఇంకా హోదా నిర్ణయించలేదు" అన్నాడు పురుషోత్తం.

కమిటీ నాసిక్ వెళ్ళింది. ద్రాక్షపళ్ళు తెచ్చింది. వేలు తేలేదు.

అయితే ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నష్టం వచ్చింది. అలా ఇలా కాదు, పెళ్ళివారిలా బాజాలతో వచ్చింది. జీపువాడికి బాకీ, హోటలువాడికి బాకీ, సలహాదారులకి బత్తెం బాకీ. వాటికోసం నూకరాజు పొలంలో ఒక ఎకరం అమ్మాడు. ఆ పొలం కూడా తాత సొమ్మే. బతికుండగా సెంటు భూమి కొనలేని మనిషి, పోయాక డేరాలో పీట మీద కూర్చుని తీర్థం తీర్థానికీ కొంత కొంత కూడబెట్టి కొనిచ్చాడు.

ఎకరం అమ్మిన కాగితం చూసి విశ్వమోహనరావు లేచి వచ్చి నూకరాజుని కౌగిలించుకున్నాడు. జిల్లా మొత్తానికి ఉత్తమ నష్ట ప్రదర్శకుడని శాలువా కప్పించాడు. ఫోటో తీసేటప్పుడు పురుషోత్తం మధ్యలో నిలబడ్డాడు. సన్మానం అయిపోయాక విశ్వమోహనరావు నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే ఏడు ఇంతకు తగ్గరాదు సుమా. నష్టం నిలిచిపోతే ప్రగతి కుంటుపడినట్లు లెక్క. ఏటా హెచ్చవలెను."

అది విన్నాక నూకరాజు శాలువా మడిచి ఆయన బల్లమీద పెట్టేసాడు. "నావల్ల కాదండి. మిగిలింది అమ్మితే నేనూ మా ఆవిడా తాత పక్కన పీటలేసుకు కూర్చోవాలండి" అన్నాడు. ఇంటికొచ్చి చైర్మన్ని పొమ్మన్నాడు, జీపుని పొమ్మన్నాడు, సలహాదారుల్ని దండం పెట్టి పొమ్మన్నాడు. నాలుగో రోజుకల్లా డేరా మళ్ళీ లాభంలోకొచ్చింది. అయిదోరోజు తాతని జప్తు చేసి పట్టుకుపోయారు.

గోదాముకేనని సత్తెమ్మ గుండెలు బాదుకుంది. కానీ తాత ఎంత రాబడి తెస్తాడో లెక్కలు చూసిన సంస్థకి ఎలాగూ తెలుసు. ఆయన్ని పట్నంలో బస్టాండు ఎదురుగా కట్టిన తమ సొంత 'అవశేష విజ్ఞాన భవనం'లో గాజుపెట్టెలో కూర్చోబెట్టారు. టిక్కెట్టు యాభై రూపాయలు.

"ఇది లాభానికి చూపించడం కాదా?" అని నూకరాజు డానియేల్ని నిలదీసాడు.

"లాభమా? మా ఆఫీసులోనా?" డానియేలు నవ్వాపుకోలేకపోయాడు. "ఎంతొచ్చినా పైన తొమ్మిదిమంది డైరెక్టర్లున్నారన్నా. మాకు లాభం తేవడానికి దేవుడు దిగొచ్చినా ముందు ఆయనకి టీఏ డీఏ ఇవ్వాలి. పైగా అటుకేసి ఒక్క మనిషి రాడు. తాత ఒక్కడే కూర్చునుంటాడు. పొద్దున్న ఊడ్చేటప్పుడు నేనే ఓ మాట పలకరిస్తాను."

ఆ మాట నూకరాజుకి గుచ్చుకుంది. మర్నాడే బస్సెక్కి పోయి, తన తాతని చూడ్డానికి యాభై పెట్టి టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్ళాడు. చీకటి హాలు. మూల గాజుపెట్టెలో తాత. తలపాగా తీసేసారు. రాతిగుండు తీసేసారు. బోడితలతో, ఖాళీ ఒడితో, ఎవరో పోయినింట్లో పలకరింపుకొచ్చినట్టు కూర్చున్నాడు. పెట్టె మీద అచ్చులో చీటీ అంటించారు. 'పురుషుడు. బలహీన దేహము. వృత్తి తెలియదు.'

నూకరాజు రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు. బలహీన దేహము. గోదారికి అటూ ఇటూ ఎవడూ కదపలేని గుండుని వెనక్కి దొర్లించిన మనిషి బలహీనం! ఎక్కడో పొట్టలోంచి తన్నుకొచ్చింది.

"రండి బాబూ రండి!" అన్నాడు.

హాలు అదిరింది. గేటు దగ్గర కునుకుతున్న కాపలావాడు లేచి నిలబడ్డాడు. నూకరాజు వీధి గుమ్మంలోకొచ్చి బస్టాండుకేసి తిరిగి గొంతెత్తాడు. "బతికుండగా బండెడ్ల బలం! ఎవడ్రా బలహీనమన్నోడు, వచ్చి చెయ్యి కలపమనండి! బస్సు పోతే ఇంకోటి వస్తాది బాబూ, భద్రయ్య పోతే రాడు! రండమ్మా, బక్కపిల్లల తల్లులు ముందుకు రండి!"

బస్సుల కోసం నిలబడ్డ జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని రోడ్డు దాటారు. కండక్టర్లు దిగొచ్చారు. పల్లెటూరి ఆడవాళ్ళు కొందరు గొంతు గుర్తుపట్టి "ఒసే, మన బలం తాతే" అనుకుంటూ పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. టిక్కెట్ల కట్ట అయిపోయింది, ఇంకో కట్ట విప్పారు, అదీ అయిపోయింది, ఆఖరికి పాత ఆహ్వానపత్రికలు చింపి ముక్కలిచ్చారు. సాయంత్రానికి అకౌంట్సు ఆయన జుట్టు పీక్కుంటూ మేడమీదున్న విశ్వమోహనరావు గదిలోకి పరుగెత్తాడు.

"సార్, కొంప మునిగింది. లాభమొచ్చింది!"

"మళ్ళీ కూడు. సరిగ్గా కూడు."

"ఎన్నిసార్లు కూడినా వస్తోంది సార్. డైరెక్టర్లందరికీ ఇచ్చినా మిగుల్తోంది!"

విశ్వమోహనరావు మొహం తెల్లబోయింది. లాభార్జన చేసిన ప్రదర్శకుడి అవశేషాలు జప్తు చెయ్యాలి. జప్తు చేసేది తనే. చేయించుకునేదీ తనే. తనకి తనే నోటీసిచ్చుకుని, అందినట్టు తనే సంతకం పెట్టుకోవాలి. ఆయన మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చి నూకరాజు చేతులు పట్టుకున్నాడు.

"ఆపవయ్యా బాబూ! నీకు పుణ్యముంటుంది, నోరు ముయ్యి! నీ తాతని నువ్వు తీసుకుపో!"

"తలపాగా కూడా ఇవ్వాలండి."

"ఇస్తాం."

"గుండు కూడానండి."

"మోయించి మరీ ఇస్తాం. అయితే ఒక్క షరతు." ఆ కంగారులో కూడా ఆయనకి షరతు దొరికింది. అలాంటివాళ్ళకి చితి మీద కూడా దొరుకుతుంది. "లాభ నివారణ హామీ రాసివ్వాలి. మీ మిగిలిన పొలం మాకు హామీగా పెట్టాలి. ఇకమీద ఏ తీర్థంలోనైనా లాభం వచ్చినచో ఆ పొలం సంస్థకు దఖలు పడుతుంది."

నూకరాజు చదవకుండానే సంతకం పెట్టాడు. చదివినా అర్థమయ్యేది కాదు, అర్థమైనా పెట్టేవాడే.

తర్వాతి తీర్థం వానపాలెంలో. డేరా వేసారు. తాతకి కొత్త తలపాగా చుట్టారు. సత్తెమ్మ తువ్వాలు ఉండచుట్టి మొగుడి నోట్లో కుక్కింది. "ఇయ్యాల నీ గొంతు లేస్తే మన కంచాలు బోర్లేసుకోవాలి. కూర్చో" అంది. నూకరాజు కూర్చున్నాడు. పక్క డేరాలో మరణబావి మోటార్‌సైకిళ్ళు చెవులు చిల్లులు పడేలా తిరుగుతున్నాయి. జనమంతా అటే. ఇటు ఈగ వాలడం లేదు. నష్టం దివ్యంగా వస్తోంది. సత్తెమ్మ సంతోషంగా వత్తులు చేసుకుంటోంది.

అంతలో చంకలో బక్కపిల్లతో ఒక చిన్నది వచ్చి గుమ్మంలో నిలబడింది. "బలం తాత ఇక్కడేనా బాబాయ్?" అంది. నూకరాజు తువ్వాల్లోంచే ఊ అన్నాడు. ఆ చిన్నదానికి అర్థం కాలేదు. డేరా మూసేసారనుకుని, పిల్లని భుజం మార్చుకుని వెనక్కి తిరిగింది.

నూకరాజు తువ్వాలు పీకి అవతల పారేసాడు.

"ఏవయ్యోయ్! పొలం!" అని కేకేసింది సత్తెమ్మ.

"పొలం ఎక్కడికీ పోదే. అక్కడే ఉంటాది. మనది కాదంతే" అన్నాడు నూకరాజు, అని, "రండి బాబూ రండి!" అని అందుకున్నాడు. మరణబావి మీద నిలబడ్డవాళ్ళు తలలు తిప్పారు. ఆ తర్వాత కాళ్ళు తిప్పారు. సత్తెమ్మ కాసేపు నెత్తి కొట్టుకుని, ఆ తర్వాత కొంగు దోపుకుని టిక్కెట్లు చింపడానికి కూర్చుంది. చేతులకి పని దొరికాక ఆవిడ కూడా నవ్వడం మొదలెట్టింది. బక్కపిల్ల తాత మోకాలు పట్టుకుని వదలనని ఏడ్చింది.

లాభం వచ్చింది. పొలం దఖలు పడింది. దఖలు పడ్డ పొలాన్ని విశ్వమోహనరావు చట్టప్రకారం నూకరాజు ఖర్చుల్లో వేసి లెక్క కట్టాడు. కడితే ఆ ఏడు డేరాకి వచ్చిన నష్టం పోయినేటి కంటే ఎక్కువ తేలింది. ఏటా హెచ్చవలెనన్నది హెచ్చింది. నష్టం రుజువైంది గనక చూపించుకోడానికి అనుమతి నిలిచింది, తాత డేరాలోనే ఉండిపోయాడు. "చూసారా, చట్టం ఎంత దయగలదో!" అంటూ విశ్వమోహనరావు ధ్రువపత్రం చేతికిచ్చి అభినందించాడు. నూకరాజు ఆ కాగితం తెచ్చి తాత తలపాగా కింద దోపాడు.

దఖలు పడ్డ పొలమంటే, గోగులంక కాలవ పక్క చెక్క, రెండు పంటలు పండే పల్లం, ఎకరం ముప్ఫై ఏడు సెంట్లు. చైర్మను కింద ముందే పోయిన ఎకరంతో కలిపితే రెండెకరాల ముప్ఫై ఏడు సెంట్లు.